ఇంట పుట్టిన విమానము

విమానము పుట్టినది మహాకర్మాగారమునందు కాదు. డేటన్ పట్టణమునందలి యొక సైకిళ్ల దుకాణములో, ఇద్దరన్నదమ్ముల చేతులలో. 1903లో రైటు సోదరులు తమ యంత్రమును గాలిలోనికి లేపిన పిదప ప్రభుత్వములును పెద్ద సంస్థలును ఆ విద్యను స్వాధీనము చేసికొన్నను, ఇంటి కొట్టములో రెక్కలు కట్టువారి వంశము మాత్రము అంతరింపలేదు.

ఆ వంశమునకు లోకప్రసిద్ధి తెచ్చినవాడు ఫ్రాన్సుదేశపు హెన్రీ మిన్యే. ఈతడు 1933లో కఱ్ఱతోను గుడ్డతోను ‘ఆకాశపు పేను’ అను చిన్న విమానమును నిర్మించి, సెప్టెంబరులో దానిని తానే నడిపి, మఱుసటి యేడు నిర్మాణవిధానమునంతయు పుస్తకముగా ప్రకటింపగా, వడ్రంగము తెలిసిన సామాన్యులెందఱో తమ యిండ్లలో దానిని కట్టనారంభించిరి. దానికి ముందొకటి, వెనుకనొకటిగా రెండు రెక్కలు. ముందు రెక్క వాలును మార్చి విమానమును ఎక్కింపను దింపను వలెను. మృత్యువు పొంచియున్నది సరిగా అక్కడనే. విమానము ముక్కు వాల్చి వేగముగా దిగుచున్నపుడు చోదకుడు దానిని పైకి మరల్పనెంచి ముందు రెక్కను లేపిన కొలదిని, రెండు రెక్కల నడిమి సందున దూసికొనిపోవు గాలి వెనుక రెక్కను మఱింత బలముగా పైకెత్తి, ముక్కును మఱింత క్రిందికి త్రోసెడిది. ప్రాణములు పోయిన పిమ్మటగాని, 1936లో నిండు పరిమాణపు విమానమును వాయుసొరంగమున నిలిపి పరీక్షించిన పిమ్మటగాని ఈ దోషము బయటపడలేదు. తరువాత మిన్యే దానిని దిద్దెను. ఆయన ఔదార్యమును మనసార గౌరవింతును. కాని ఆ పరీక్ష పుస్తకమునకు ముందు జరిగియుండవలసినది.

1975లో బర్ట్ రుటాన్ అను అమెరికను ‘వేరీఈజీ’తో మఱియొక త్రోవ తీసెను. నురుగుదిమ్మెను వేడి తీగతో రెక్క యాకారమునకు కోసి, పైని గాజునార గుడ్డను ఎపాక్సీ జిగురుతో పొరలుపొరలుగా అంటింతురు. ఆరిన పిదప నాణెముతో రెక్కపై అంతటను తట్టుచు వినవలెను: పొరలు కలిసినచోట ఖణేలుమనును, విడినచోట మొద్దుగా పలుకును.

రామగుండము, గోదావరిఖనులవారికి ఈ పరీక్ష క్రొత్తది కాదు. సింగరేణి గనిలో కార్మికులు పని మొదలిడకముందే వారి భద్రతను చూచు సర్దారు పనిస్థలమునకు బోయి, కఱ్ఱతో పైకప్పును తట్టి చూచును. గట్టి కప్పు ఖంగుమనును, పొర విడిచిన కప్పు డొల్లగా పలుకును. డొల్ల పలికిన కప్పును రాల్చియో, సపోర్టు పెట్టియో గాని దాని క్రిందికి మనిషిని పోనీయరు. ఇట్టి చెవియు, ఫిట్టర్లు వెల్డర్ల చేతులును, చేరువనే బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారము కొఱకు వేసిన రన్‌వేయును గల యీ సీమలో ఇంటివిమానమును గూర్చి తలంచుట అత్యాశ యని నేననుకొనను.

మన దేశమున అమోల్ యాదవ్ అను పైలటు ముంబయిలోని కాందివలీలో తమ భవనపు డాబాపై ఆఱు సీట్ల విమానమును కట్టి, విడదీసి క్రిందికి దించి, 2016 ఫిబ్రవరిలో మేకిన్ ఇండియా ప్రదర్శనలో నిలిపెను. 2017 నవంబరులో అది వీటీ-ఎన్ఎండీ అను పేర నమోదయ్యెను. నమోదైనంతమాత్రమున ఎగురుటకు హక్కు రాదు. అందులకు అనుమతి వేఱు, పరీక్షలు వేఱు. ఏండ్లు శ్రమించిన మనిషికి ఆ జాగు ఎంత కష్టమో ఊహింపగలను. అయినను ఆ పరీక్షలలో ఒక్కదానినైనను తగ్గింపుమని కోరను.