నీటి చుక్క వదిలిన ముద్ర

నీరు ఆవిరైపోతే ఏం మిగులుతుంది? "ఏముంటుంది, ఏమీ మిగలదు" అంటారు చాలామంది. స్వచ్ఛమైన నీరైతే ఆ మాట నిజమే. కాని మన బోర్ల నీళ్ళు, ఊరబావుల నీళ్ళు స్వచ్ఛజలాలు కావు గదా! భూమి పొరల్లోంచి సున్నాన్నీ, మెగ్నీషియాన్నీ, ఉప్పునూ కరిగించుకొని వస్తాయి. ఎగిరిపోయేది నీరు మాత్రమే; లవణాలు ఇక్కడే ఉండిపోతాయి. హాస్టల్లో నీళ్ళు కాచుకొనే హీటరు రాడ్డు మీద తెల్లటి పెచ్చు కట్టేది అందుకే. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు ప్రశ్న వేరు: ఆ లవణం ఫలానా చోటనే ఎందుకు పేరుకొంటుంది?

వేడి చేసే పని

ప్రతి లవణానికీ నీటిలో కరగడానికి ఒక హద్దు ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద 100 గ్రాముల నీటిలో వంట ఉప్పు సుమారు 36 గ్రాములు కరుగుతుంది. మరిగే నీటిలోనైనా సుమారు 39 గ్రాములే. పొటాసియం నైట్రేటు అట్లా కాదు. 20 డిగ్రీల వద్ద 32 గ్రాములు కరిగేది, 100 డిగ్రీల వద్ద 240 గ్రాములు దాటుతుంది. చుక్క ఆరుతున్నకొద్దీ గాఢత పెరుగుతుంది. హద్దు దాటాక ఏదో ఒక గరుకు చోట స్ఫటిక బీజం పడి, దాని చుట్టూ మిగతా లవణం చేరుతుంది.

సున్నం సంగతి మరీ వింత. నీళ్ళలో అది కాల్షియం బైకార్బొనేటుగా ఉంటుంది. వేడి తగిలితే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోయి కాల్షియం కార్బొనేటు మిగులుతుంది. ఇది లీటరు శుద్ధజలంలో సుమారు 15 మిల్లీగ్రాములకు మించి కరగదు. పైగా వేడెక్కినకొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది. కాబట్టి అన్నిటికంటే వేడిగా ఉన్న రాడ్డునో, గిన్నె అడుగునో పట్టుకొని గట్టిపడుతుంది.

అంచుకే ఎందుకు?

గాజుపలక మీద ఒక చుక్క ఉప్పునీరు వేసి ఆరనివ్వండి. నడుమ పలుచగా, అంచున దట్టంగా తెల్లని వలయం కనిపిస్తుంది. కాఫీ మరకలోనూ ఇదే తీరు. 1997లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు ఈ కాఫీ వలయానికి కారణం వివరించారు. చుక్క అంచు పలకను పట్టుకొని కదలదు. ఆవిరి అంచు దగ్గరే ఎక్కువ వేగంగా పోతుంది. అక్కడ తరిగిన నీటిని పూడ్చడానికి నడుమ నుంచి నీరు అంచుకు పారుతుంది. వస్తూ వస్తూ తనలో ఉన్నదాన్ని మోసుకొస్తుంది. కాలువ నీళ్ళు చివరి మడిలో ఒండ్రు వదిలినట్టే!

పలక వేడిగా ఉంటే ఈ పని ఇంకా త్వరగా సాగుతుంది. చుక్క అడుగుకూ, పైభాగానికీ వేడిలో తేడా ఉంటుంది గనుక తలతన్యత మారి లోపల సుడులు కూడా పుడతాయి. ఒక్కొక్కసారి అంచు పట్టు వదిలి లోపలికి జారి, మళ్ళీ పట్టుకొంటుంది. అప్పుడు వలయంలో వలయం పడుతుంది.

పట్టు లేకపోతే?

తామరాకు మీద చుక్క నిలవదు, దొర్లుతుంది. అంచుకు పట్టు లేదు గనుక వలయానికీ అవకాశం తక్కువ. బాగా కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు గంతులు వేస్తాయి. తమ ఆవిరి మీద తామే తేలుతూ పెనాన్ని తాకవన్నమాట. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లోనే దీన్ని గురించి వ్రాశాడు.

2021లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో సమంతా మెక్‌బ్రైడ్, కృపా వారణాసి బృందం ఒక తమాషా చూపించింది. తామరాకులాగా నీటిని అంటనివ్వని పలకను వేడిచేసి, దానిమీద ఉప్పునీటి చుక్కలు పెట్టారు. చుక్క చుట్టూ ఉప్పు గుల్లకట్టి, బోలు గోళంలా తయారైంది. పలకను తాకినచోట స్ఫటికాలు కాళ్ళలాగా పెరిగి గోళాన్ని పైకెత్తాయి. చివరకు అది తనంతట తానే ఊడి దొర్లిపోయింది!

మనకేమిటి లాభం?

లాభం మాలాంటి వ్యవసాయ కుటుంబాల వాళ్ళకు చాలా ఉంది. 2003లో మన రాష్ట్రంలో సూక్ష్మ నీటిపారుదల పథకం మొదలైన తర్వాత మెట్ట పొలాల్లో డ్రిప్పు పైపులు పరచుకొన్నారు. మోటారు ఆపగానే ప్రతి డ్రిప్పరు మూతి దగ్గరా ఒక చివరి చుక్క మిగులుతుంది. నల్ల పైపు ఎండకు కాలుతుంది, చుక్క ఆరుతుంది, సున్నం మిగులుతుంది. రోజుకింత చొప్పున పేరుకొని రంధ్రం మూసుకుపోతుంది. మోటారు ఆడుతూనే ఉంటుంది, పైపులో నీళ్ళూ ఉంటాయి. చెట్టు మాత్రం వాడిపోతుంది. ఆకు వడలేదాకా విషయం బయటపడదు.

దీనికి మందు మన లాబొరేటరీలోనే ఉంది. ఆమ్లం తగిలితే కాల్షియం కార్బొనేటు పొంగి కరిగిపోతుంది. అయితే ముందుగా నీటి పరీక్ష చేయించి, మోతాదు ఉద్యానశాఖ అధికారిని అడిగి తెలుసుకోవాలి. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి గాని, నీళ్ళను ఆమ్లంలో పోయకూడదు. ఈ ఒక్కమాట ఊళ్ళో నలుగురికి చెప్పినా మన చదువుకు సార్థకమే.

కరిగించడం కంటే అసలు పట్టనివ్వకపోవడం మేలు. చుక్క అంచుకు పట్టు చిక్కనివ్వని పూత, రైతు కొనగల ధరలో, ఎండకూ దుమ్ముకూ ఆగేది తయారు చేయాలి. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే మిత్రులారా, ప్రాజెక్టుకు విషయం దొరకడం లేదని వెతుక్కుంటున్నారా? ఒక డ్రిప్పరు ముక్క, ఒక సీసా బోరు నీళ్ళు చాలు, మొదలుపెట్టండి.