నంబరు వేసిన రాళ్లు, రాసిపెట్టిన సెట్టింగులు

పాత వరంగల్ జిల్లా, ఇప్పటి ములుగు జిల్లా పాలంపేటకు వెళ్లినవాళ్లంతా రామప్ప గుడినే చూసి వస్తారు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి మరి! పక్కనే ఉన్న కామేశ్వరాలయాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. శిథిలమైన ఆ ఆలయాన్ని మళ్లీ కట్టడం కోసం పురావస్తు శాఖ విప్పదీసి రాళ్లకు నంబర్లు వేసింది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్నీ ఇలాగే విప్పి, తిరిగి నిలబెట్టి, 2024 మహాశివరాత్రికి తెరిచారు. ఏ రాయి ఎక్కడిదో రాసి ఉండబట్టే అది సాధ్యమైంది.

లినక్స్ సర్వర్లను చూసుకునే అడ్మిన్‌కు కావలసింది కూడా ఆ రాతే. లినక్స్‌లో సెట్టింగులు చాలావరకు ‘ఎట్‌సీ’ డైరెక్టరీలో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి. అర్ధరాత్రి ఫోనొస్తే లాగిన్ అయి ఒక వరుస మార్చేసి పడుకోవచ్చు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆర్నెల్లకు డిస్క్ పోతే, ఆ వరుస ఎవరికి గుర్తుంటుంది?

అందుకని స్క్రిప్టు రాస్తాం. అదీ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి. రూట్ యూజర్ బయటి నుంచి లాగిన్ కాకూడదని ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ సెట్టింగుల ఫైలు చివర ‘పర్మిట్‌రూట్‌లాగిన్ నో’ అని ‘ఎకో’ కమాండుతో, రెండు బాణం గుర్తులు (>>) పెట్టి చేర్చామనుకోండి. స్క్రిప్టు నడిపిన ప్రతిసారీ అదే వరుస మళ్లీ చేరుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి: ఈ ఫైల్లో ఒకే సెట్టింగు రెండుసార్లు ఉంటే మొదటిదే చెల్లుతుంది. పైన ఎక్కడో ‘యెస్’ ఉంటే కింద మనం రాసిన ‘నో’ దండగ. తలుపు మూశామనుకుంటాం, అది తెరిచే ఉంటుంది. కెర్నెల్ సెట్టింగుల ‘సిస్‌కంట్రోల్’ ఫైల్లో ఇందుకు తలకిందులు, చివరిదే చెల్లుతుంది.

కొత్త డెబియన్, ఉబుంటుల్లో ఇందుకు తేలికైన దారి ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ సెట్టింగుల ఫైలు పేరుకే చివర ‘.డీ’ చేర్చిన డైరెక్టరీలో, 00తో మొదలయ్యే పేరుతో మన ఫైలు పెట్టడమే. సర్వర్ అందులోవే ముందుగా చదువుతుంది. ఆ ఫైలును వందసార్లు కాపీ చేసినా ఫలితం ఒకటే. సర్వీసును రీలోడ్ చేసేముందు ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’ (చిన్న టీ) తప్పులు పట్టిస్తుంది, పెద్ద టీ అయితే ఫైళ్లన్నీ చదివాక చివరికి చెల్లే విలువలు చూపిస్తుంది. రెండోదాన్ని చూడకుండా పని అయిపోయిందనడం నా లెక్కలో పని కాదు.

ఎన్నిసార్లు నడిపినా ఒకే స్థితికి చేర్చడమనే ఈ పద్ధతిని 1993లో మార్క్ బర్జెస్ ఓస్లోలో మొదలుపెట్టిన సీఎఫ్‌ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ ముందుకు తెచ్చింది. 2012లో మైఖేల్ డీహాన్ తెచ్చిన ఆన్సిబుల్‌ది కూడా ఇదే బాట.

స్క్రిప్టులు రాసే బాష్‌లో ఖాళీ వేరియబుల్ మరో గండం. 2015లో గేముల యాప్ స్టీమ్ లినక్స్ స్క్రిప్టులో ఫోల్డరు పేరు ఖాళీగా మిగిలితే, చెరిపే కమాండు మొత్తం సిస్టమ్ మీద పడి వాడకందారుల ఫైళ్లను తుడిచేసింది. స్క్రిప్టు మొదట్లో ‘సెట్ -యూ’ పెడితే, విలువే ఇవ్వని వేరియబుల్ దగ్గర బాష్ ఆగిపోతుంది. విలువ ఇచ్చినా అది ఖాళీదైతే మాత్రం ఆగదు, విడిగా తనిఖీ చేయాల్సిందే.

ఫైళ్లన్నీ గిట్‌లో పెట్టండి, పాస్‌వర్డులు మాత్రం వద్దు. ఈ నెల ఒక ఖాళీ యంత్రం మీద మీ సర్వర్‌ను ఆ ఫైళ్లతోనే నిలబెట్టి చూడండి. ఎక్కడ చేత్తో టైపు చేయాల్సి వచ్చిందో, అక్కడ రాయాల్సింది ఇంకా మిగిలి ఉందన్నమాట.