తెలుపు కుదిరితే ఫొటో కుదిరినట్టే!

అరకు కాఫీ తోటల్లో, సిల్వర్ ఓక్ చెట్ల కింద ఇంటిల్లిపాదీ ఫొటో దిగారు. తీరా చూస్తే తాతయ్య తెల్లపంచెకు ఆకుపచ్చ ఛాయ, నానమ్మ ముఖమేమో జబ్బుపడి లేచినట్టు! ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చిన వెలుగు మహిమ అది. మన మెదడు దాన్ని సర్దుకుని పంచెను తెల్లగానే చూస్తుంది. కెమెరా ఒక్కోసారి పొరబడుతుంది. ఏది తెలుపో దానికి చెప్పడమే 'వైట్ బ్యాలెన్స్'.

వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 5500. నీడలో 7000 దాకా వెళ్లి నీలం పాలు పెరుగుతుంది. అందుకే నీడలో 'షేడ్', మబ్బు పట్టినప్పుడు 'క్లౌడీ' ఎంచుకోవాలి.

తీసేసిన ఫొటోనా? దిగులొద్దు. ముందు ఒక కాపీ దాచుకుని, ఎడిట్‌లోకి వెళ్లండి. ముఖాలు నీలంగా ఉంటే 'వార్మ్‌త్' పెంచండి. ఆకుపచ్చగా ఉంటే 'టింట్'ను గులాబీ వైపు జరపండి. పంచె, జేబురుమాలు... ఏదో ఒక తెల్లటి వస్తువు మీద చూపు నిలిపి కొద్దికొద్దిగా జరపాలి. చివరగా ముఖాలు చూడాలి. పంచె మల్లెపువ్వులా మెరిసినా తాతయ్య చామనఛాయ పోయిందంటే సరిదిద్దినట్టు కాదు. 'జేపెగ్' ఫొటోని మరీ ఎక్కువగా మారిస్తే రంగులు చెడతాయి. 'రా' ఫైల్ అయితే ఆ బెంగ ఉండదు.

గోదావరి గట్టున సూర్యాస్తమయ వేళ దిగిన ఫొటో జోలికి మాత్రం వెళ్లకండి. ముఖాల మీద పడిన ఆ బంగారు రంగే కదా అసలు జ్ఞాపకం!