వాయిదాల వ్యాపారము: మదుపరి వేయవలసిన లెక్క

గుడివాడలో గృహోపకరణముల దుకాణమున ఫ్రిజ్జి ముందు నిలిచిన గృహస్థునకు కనబడునది నెలకింత యను చిన్న మొత్తము. దుకాణదారునకు కనబడునది నిలవ సరకు కదలుట. వారిరువురి నడుమ సొమ్ము సమకూర్చు కంపెనీలో నాలుగు షేర్లు కొనదలచిన చిన్న మదుపరి చూడవలసినది మాత్రము, తన రూపాయి ఎంత కాలమునకు, ఎంత తరుగుతో తిరిగి వచ్చుననునదే.

వడ్డీ లేని వాయిదాలనగానే, మఱి లాభమెక్కడిదను సందేహము పొడసూపుట సహజము. సున్న శాతపు వడ్డీ యనునది వాస్తవమున లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టము చేసెను. ఆ వడ్డీని తయారీదారుడో వర్తకుడో తగ్గింపు రూపమున భరించును. కాదేని ప్రాసెసింగు రుసుములో అది ఒదిగి యుండును. వడ్డీ బాహాటముగా చెప్పినచోటను లెక్క కంటికి కనిపించినంత సులువు కాదు. 12,000 రూపాయల వస్తువునకు 12 శాతము ఫ్లాటు వడ్డీ వేసి, నెలకు 1,120 చొప్పున 12 వాయిదాలు కట్టించుకొన్నచో, అసలు నెలనెలా తరుగుచున్నను వడ్డీ తరుగదు గనుక, నిజమైన వార్షిక వడ్డీ సుమారు 21న్నర శాతమగును.

ఇంతకన్న సూక్ష్మమైనది సొమ్ము తిరుగు వేగము. సిడ్నీలో 2014లో పుట్టిన ఆఫ్టర్‌పే వంటి సంస్థలు ధరను 4 సమభాగములు చేసి 6 వారములలో రాబట్టుకొనును. 100 రూపాయల సరకునకు 25 కొన్ననాడే వచ్చును. పిదప 75, 50, 25 రూపాయలు వరుసగా రెండేసి వారములు బాకీ నిలుచును. వెరసి 100 రూపాయలు 3 వారములు అప్పుగా నున్నట్లు లెక్క. అనగా అదే 100 ఏడాదిలో ఇంచుమించు 17 మారులు తిరుగును. ఖర్చులు, మొండిబాకీలు పోను అమ్మకమునకు 1 రూపాయి మిగిలినచో సాలునకు 17 రూపాయలు. ఎంత ముచ్చటైన వ్యాపారము! కాని మొండిబాకీ అమ్మకమునకు ఇంకొక్క రూపాయి పెరిగినచో లాభము సున్న; రెండు రూపాయలు పెరిగినచో 17 నష్టము. ఏడాది వాయిదాల అప్పులో సొమ్ము సాలునకు రెండు మారులైనను తిరుగదు గనుక, అదే తప్పిదము అంత తీవ్రముగా తగులదు. ఇట్టి వాయిదాల వ్యాపారమే చేయు స్టాక్‌హోము సంస్థ క్లార్నా విలువను పెట్టుబడిదారులు 2021లో 4,560 కోట్ల డాలర్లుగా కట్టి, మరుసటి యేడే 670 కోట్లకు దింపిరి. వడ్డీరేట్లు పెరిగిన కాలమున ఇట్టి కంపెనీలపై మోజు ఎంత త్వరగా విరిగినదో దీనివలన ఊహింపవచ్చును. మన దేశమున ఇట్టిదే యైన బెంగళూరు సంస్థ జెస్ట్‌మనీ 2023 చివర మూతపడెను.

ఇక అప్పిచ్చు సొమ్ము ఎచ్చటినుండి వచ్చునో చూడవలెను. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించినప్పుడు చెల్లింపు మూలధనము లక్ష రూపాయలే. అయినను జనుల డిపాజిట్లు ఆ బ్యాంకునకు అండగా నుండెను. నేటి వాయిదా కంపెనీలలో పెక్కింటికి పొదుపు ఖాతాలు లేవు. అవి బ్యాంకుల వద్ద అప్పు తెచ్చి అప్పిచ్చును. కావున వార్షిక నివేదికలో వాడుకరుల సంఖ్యకన్న ముందు, అవి తెచ్చుకొన్న సొమ్మునకు కట్టు వడ్డీ యెంతయో చూడవలెను. ప్రకటనలలో వినబడునది మొదటిదే యనుట వేఱు సంగతి.

అప్పులు పలువురికి పంచినచో నష్టము సరాసరికి లొంగునని గణితము చెప్పును. అయితే ఒకరి ఎగవేతకు వేఱొకరి ఎగవేతతో సంబంధము లేనప్పుడే ఆ మాట చెల్లును. చిలకలపూడి రోల్డుగోల్డు పనివాడు జబ్బుపడి వాయిదా తప్పుట వేఱు, దివిసీమలో ఊళ్లకూళ్లు ఒక్కమారుగా తప్పుట వేఱు. నాగాయలంక చెరువులలో రొయ్యకు తెగులు సోకినను, ధర పడిపోయినను, రైతుతోపాటు మేత దుకాణము, ఐసు వ్యాపారి, కూలి అందఱును ఒకే నెలలో చేతులెత్తుదురు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొని, మిగిలినవారి జీవనాధారమును సైతము ఒక్క రాత్రిలో తుడిచిపెట్టెను. ఇక ఏ విపత్తును లేని ఏటనైనను, అవనిగడ్డ వైపు వరి రైతునకు రొక్కము చేతబడునది సార్వా నూర్పిళ్లు, దాళ్వా నూర్పిళ్లు అయిన పిమ్మటనే. కంపెనీ మాత్రము నెల నెలా 5వ తేదీన ఖాతాలో సొమ్ము కోరును. ఇట్టి చోట వరుసగా రెండు మూడు నెలల ఆలస్యము మొండిబాకీ కానక్కరలేదు. కోత కాలమునకు వాయిదా మార్చిన కంపెనీకి అది వసూలు కాగల బాకీ, మార్చని కంపెనీకి జరిమానాయు, కొట్టివేతయు.