జీర్ణాశయ క్యాన్సర్: ఆక్సీకరణ ఒత్తిడి పాత్ర

జీర్ణాశయ క్యాన్సర్‌లో అధికభాగం ఒక్కసారిగా పుట్టేది కాదు. లోపలి పొరలో ఏళ్లతరబడి వాపు నిలిచి, దానివల్ల గ్రంథులు క్షీణించి, క్షీణించిన చోట పేగు కణాలను పోలిన కణాలు పెరిగి, చివరకు వాటి రూపమూ విభజనా అదుపు తప్పిన తరువాతే కంతి ఏర్పడుతుందని కొలంబియాలో జన్మించిన పేథాలజిస్టు పెలాయో కొర్రేయా 1975 నుంచి వివరిస్తూ వచ్చారు. ఈ మార్పులను ముందుకు నడిపే కారణాలలో ఆక్సీకరణ ఒత్తిడి ముఖ్యమైనది. ఆక్సిజన్ నుంచి పుట్టి, ఎదురైన అణువుతో వెంటనే చర్య జరిపే చురుకైన పదార్థాలు మితిమీరిపోయి, వాటిని అణచే ఎంజైములూ విటమిన్లూ చాలకపోయే స్థితికే ఆ పేరు.

జీర్ణాశయంలో ఈ స్థితిని కల్పించడంలో అగ్రస్థానం హెలికోబ్యాక్టర్ పైలోరై అనే బ్యాక్టీరియాది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో దీనిని వేరుచేసి పెంచగలిగారు. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఇది పొరపై స్థిరపడినప్పుడు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, దానిని చంపడానికి సూపరాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారి, ఇనుము సమక్షంలో హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతితీవ్రమైన పదార్థానికి జన్మనిస్తుంది. కెటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే రక్షక ఎంజైములు ఉన్నందువల్ల బ్యాక్టీరియా చాలావరకు తప్పించుకోగా, దెబ్బ మాత్రం మనిషి కణాలపై పడుతుంది. ఈ వ్యాధిలో అత్యంత విచారకరమైన అంశం ఇదే, ఎందుకంటే చికిత్స జరగకపోతే ఈ పోరు సాధారణంగా జీవితాంతం సాగుతుంది. పైగా పొర కణాలలోనే స్పెర్మిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము అధికమై, లోపలినుంచి కూడా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది.

డీఎన్ఏలోని నాలుగు క్షారాలలో ఆక్సీకరణకు అన్నిటికంటె సులభంగా లోనయ్యేది గ్వానిన్. అలా మారిన గ్వానిన్, సైటోసిన్‌తో కాక అడినిన్‌తో జతకడితే, కణ విభజనలో ఆ తప్పు స్థిరపడిపోతుంది. మరమ్మతు ఎంజైములు ఇటువంటి తప్పులను చాలావరకు సరిదిద్దినా, వాపువల్ల కణాలు వేగంగా విభజన చెందే చోట అందుకు వ్యవధి చాలదు. ఆరోగ్యవంతుల జఠరరసంలో సమృద్ధిగా ఉండి, నైట్రైట్‌నుంచి హానికరమైన నైట్రోసమీన్లు ఏర్పడకుండా అడ్డుకునే విటమిన్ సి కూడా పైలోరై సోకినవారిలో తగ్గిపోతుంది.

యాంటీఆక్సిడెంట్ మాత్రలే దీనికి మందని భావించడం తొందరపాటు. చైనాలోని లిన్‌షియన్‌లో, పోషకాహారం కొరవడిన ప్రజలకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపి ఇవ్వగా జీర్ణాశయ క్యాన్సర్ మరణాలు 21 శాతం తగ్గినట్లు 1993లో వెల్లడైంది. కాని మరుసటి ఏడాదే, ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులలో బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పెంచినట్లు తేలింది. వాపుకు మూలమైన బ్యాక్టీరియాను తొలగించడమే మరింత నమ్మదగిన మార్గం: చైనాలోనే లిన్‌చూ ప్రాంతంలో 1995లో రెండు వారాలపాటు మందులు వాడినవారిలో, తరువాతి పదిహేనేళ్లలో ఈ క్యాన్సర్ 39 శాతం తక్కువగా కనిపించింది. అందువల్ల అజీర్తి, పైకడుపు నొప్పి దీర్ఘకాలంగా వేధిస్తున్నవారు వైద్యుని సలహాపై పైలోరై పరీక్ష చేయించుకుని, సోకినట్లు తేలితే మందుల కోర్సును మధ్యలో ఆపకుండా పూర్తిచేయాలి.