మూత్రపిండాల చుట్టూ కొవ్వు - టేపు చెప్పగలదా?

వెన్నెముకకు ఇరువైపులా చిక్కుడు గింజల ఆకారంలో రెండు మూత్రపిండాలు ఉంటాయని మీరు చదివే ఉంటారు. వాటి చుట్టూ ఒక కొవ్వు పొర ఉంటుందని తెలుసా? గాజు సామాను పెట్టెలో గడ్డి కూరినట్లు, ఈ పొర మూత్రపిండాలను కుదుపుల నుండి కాపాడుతుంది. కనుక కొంత కొవ్వు అవసరమే. మితిమీరితే మాత్రం అది మూత్రపిండాన్నీ, దాని రక్తనాళాలనూ ఒత్తుతుంది. రక్తపోటు పెరగడానికి ఇదొక కారణం కావచ్చు.

లోపలి కొవ్వు మందం అల్ట్రాసౌండ్, సి.టి. స్కాన్ పరీక్షలలో తెలుస్తుంది. కాని అందరికీ ఆ పరీక్షలు చేయలేం కదా! మరి పైకొలతలను బట్టి ఊహించగలమా?

ముందు బరువు, ఎత్తు చూద్దాం. బరువును కిలోలలో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగించాలి. 1.6 మీటర్ల ఎత్తు, 51.2 కిలోల బరువు ఉంటే 20 వస్తుంది. ఈ సంఖ్యకు కొవ్వేదో, కండ ఏదో తెలియదు. 2004లో పూణే డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ తమ కొలతలనే లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఇద్దరికీ ఆ సంఖ్య 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

ఇక నడుము కొలత. పొట్ట లోపల కొవ్వు పేరుకుంటే నడుము పెరుగుతుంది. నడుము పెద్దదైన వారిలో మూత్రపిండాల కొవ్వు కూడా సాధారణంగా మందంగా ఉంటుందని పరిశోధనలలో తేలింది. మన దేశంలో పెద్దలకు హద్దు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు. ఇది పిల్లలకు వర్తించదు.

మీరు ఇలా చేసి చూడండి. మీ ఎత్తుకు సమానమైన దారం తీసుకుని సగానికి మడవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, నడుము చుట్టూ పెట్టండి. చివరలు కలిస్తే మంచిదే.

కలవకపోతే? కంగారు పడకండి. చర్మం కింది కొవ్వేదో, లోపలి కొవ్వేదో దారానికి తెలియదు. అది అనుమానం చెబుతుందే గాని తీర్పు చెప్పదు. పెరిగే వయసులో తిండి మానకండి. రోజూ ఆడండి, డాక్టరుకు చూపించుకోండి. తోటివారి నడుము చూసి మాత్రం ఎన్నడూ నవ్వకండి. లోపల ఏముందో పైకి చూసి చెప్పలేమని ఇప్పుడు మీకు తెలుసు కదా!