యాసిడ్ అంటే భయం... మరి సున్నం అంటే?



యాసిడ్లు, బేసుల పాఠం మొదలుపెట్టేటప్పుడు క్లాసులో ఒక ప్రశ్న అడిగాను: "ఈ రెండింట్లో ఏది ప్రమాదం?" పిల్లలంతా ఒక్కసారిగా "యాసిడ్, టీచర్!" అన్నారు. మీలో చాలామంది కూడా అదే అంటారు. కానీ చార్మినార్ చుట్టుపక్కల ఏ పాన్ డబ్బా దగ్గర ఆగినా ఒక ఘాటైన బేస్ కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది చిన్న డబ్బీలోనో, ప్లాస్టిక్ ప్యాకెట్‌లోనో ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ భయపడరు. అదే సున్నం. ఈ నెల దాని గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

అసలు యాసిడ్, బేస్ అంటే ఏమిటి?

నిమ్మకాయ, చింతపండు, పెరుగు పుల్లగా ఉండటానికి కారణం వాటిలోని యాసిడ్లే. యాసిడ్ నీటిలో కలిస్తే హైడ్రోజన్ అయాన్లు పెరుగుతాయి. బేస్ నీటిలో కలిస్తే హైడ్రాక్సైడ్ అయాన్లు పెరుగుతాయి. సబ్బు నీళ్లు, తినే సోడా, సున్నం ఈ రెండో రకం. తగిన పాళ్లలో యాసిడ్, బేస్ కలిస్తే ఈ రెండు రకాల అయాన్లు జతకట్టి నీరుగా మారతాయి. పక్కన ఒక లవణం మిగులుతుంది. దీన్నే తటస్థీకరణం అంటారు. ఈ చర్య జరిగేటప్పుడు వేడి పుడుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ అవసరం పడుతుంది.

ఎంత ఘాటో చెప్పే కొలత పీహెచ్. శుభ్రమైన నీటికి అది 7. అంతకంటే తక్కువైతే యాసిడ్, ఎక్కువైతే బేస్. పిల్లలు పరీక్షలో ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పీహెచ్‌లో ఒక్క అంకె మారితే ఘాటు పది రెట్లు మారుతుంది. నిమ్మరసం పీహెచ్ సుమారు 2, పాలది 6.5 దాటి ఉంటుంది, తినే సోడా నీళ్లది 8 పైన. సున్నపు తేట 12 దాటుతుంది. అంటే సోడా నీళ్లకూ సున్నపు నీళ్లకూ తేడా నాలుగంకెలే అనిపిస్తుంది కానీ, ఘాటులో అది పదివేల రెట్లు.

పసుపుకు ఈ సంగతి ముందే తెలుసు

తెల్ల చొక్కా మీద కూర మరక పడితే సబ్బు రుద్దగానే ఎర్రబడుతుంది. కడిగేస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం బేస్ తగలగానే రంగు మారుస్తుంది. పెళ్లికూతురు గడప దాటేముందు దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా ఇంతే. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడతాయి. ల్యాబ్‌లో లిట్మస్ కాగితం చేసే పని మన పెద్దవాళ్ల ఇత్తడి పళ్లెంలో ఎప్పటి నుంచో జరుగుతోంది.

చార్మినార్ సున్నం కాలదు, డబ్బీలోని సున్నం కాలుతుంది. ఎందుకు?

1591లో కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌కు రాళ్లను పట్టి ఉంచిందీ, పైన నగిషీలుగా మారిందీ సున్నమే. మరి ఆ గోడ ముట్టుకుంటే మనకేమీ కాదెందుకు?

సున్నపురాయిని బట్టీలో బాగా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి పొడి సున్నం మిగులుతుంది. దానిపై నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, వేడెక్కి తడి సున్నం అవుతుంది. ఇది ఘాటైన బేస్. దీన్ని గోడకు పూశాక, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆ వాయువు నీటిలో కలిస్తే బలహీనమైన యాసిడ్. యాసిడ్, బేస్ కలిసి చివరికి గట్టి సున్నపురాయి తిరిగి వస్తుంది. గోడ మీద సున్నం ఎప్పుడో తన ఘాటు వదిలేసింది. మూత బిగించిన డబ్బీలో, ప్యాకెట్‌లో ఉన్న తడి సున్నానికి గాలి తగలదు కాబట్టి దాని ఘాటు అలాగే ఉంటుంది.

కంట్లో పడితే

సున్నం ప్యాకెట్‌ను పిల్లలు ఆటగా నొక్కుతారు. అది పగిలి చిమ్మితే నేరుగా కంట్లోకి వెళ్తుంది. ఈ ప్యాకెట్ల వల్ల పిల్లల కళ్లకు జరుగుతున్న నష్టం గురించి మన దేశ కంటి డాక్టర్లు 2003లోనే లాన్సెట్ వైద్య పత్రికలో హెచ్చరించారు.

కంటి విషయంలో ఘాటైన బేస్ తరచుగా యాసిడ్ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. యాసిడ్ తగిలిన చోట మాంసకృత్తులు ఉడికిన గుడ్డు తెల్లసొనలా గట్టిపడతాయి. ఆ పొర యాసిడ్‌ను లోపలికి పోకుండా కొంతవరకు ఆపుతుంది. బేస్ అలా కాదు. అది కణాల్లోని కొవ్వును సబ్బుగా మార్చి కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. పైగా సున్నం ముక్క రెప్ప కింద ఉండిపోతే, అది తీసేదాకా కాలుస్తూనే ఉంటుంది.

అలా జరిగితే ఆలోచిస్తూ కూర్చోవద్దు. ముందు నీళ్లు. కుళాయి కిందనో, మగ్గుతోనో, రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడుగుతూనే ఉండాలి. కన్ను నలపనివ్వొద్దు. ఆ తర్వాత, నొప్పి తగ్గినా సరే, కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన వైపు వాళ్లకు మెహిదీపట్నంలోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

"బేస్ పడింది కదా, నిమ్మరసం వేస్తే సరిపోతుంది కదా టీచర్?" అని ఒక తెలివైన పిల్లాడు అడిగాడు. పుస్తకం ప్రకారం సరైన ప్రశ్నే. కానీ తటస్థీకరణంలో వేడి పుడుతుందని పైన చెప్పుకున్నాం. కంట్లో ఆ వేడి ఇంకో గాయం. పైగా నిమ్మరసమూ యాసిడే. అందుకే యాసిడ్ పడినా, బేస్ పడినా మందు ఒక్కటే: నీళ్లు, బోలెడన్ని నీళ్లు.

బాత్రూం యాసిడ్ సంగతి

యాసిడ్ భయం అనవసరమని కాదు. బాత్రూం కడిగేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. 18 ఏళ్లలోపు వాళ్లకు యాసిడ్ అమ్మకూడదని, కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూసి వివరాలు రాసుకోవాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. కానీ ఇంటికొచ్చాక దాన్ని చూసుకోవాల్సింది మనమే. నా చిన్నప్పుడు మా ఇంట్లో అది ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో ఉండేది. ఏమీ జరగలేదు, అది మా అదృష్టం. అలా ఎప్పుడూ పోయకండి. యాసిడ్‌తో బ్లీచింగ్ పౌడర్ కలపకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. పిల్లలు పొరపాటున యాసిడ్ గానీ సున్నం గానీ మింగితే వాంతి చేయించకండి. వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ ఆదివారం పిల్లలతో చేసి చూడండి

పసుపును కొద్ది నీళ్లలో కలిపి తెల్ల కాగితం మీద పూసి ఆరబెట్టండి. ముక్కలుగా కత్తిరించి నిమ్మరసం, పెరుగు, సబ్బు నీళ్లు, తినే సోడా నీళ్లు ఒక్కో చుక్క వేయండి. ఎర్రబడిన చోట నిమ్మరసం వేసి ఏమవుతుందో పిల్లలనే చెప్పమనండి. తటస్థీకరణం వాళ్ల కళ్ల ముందే కనిపిస్తుంది. సున్నం, బాత్రూం యాసిడ్ మాత్రం ఈ ప్రయోగంలోకి రానివ్వకండి.

కాగితాలు ఆరేలోపు ఇంకో పని కూడా చేయండి. ఇంట్లో సున్నం డబ్బీ ఎక్కడుందో, యాసిడ్ సీసా ఎక్కడుందో చూసి, రెండింటినీ పిల్లల చేతికి అందని పై అరలో పెట్టండి.

మీ పిల్లల సైన్స్ టీచర్